సూది వేసే చేతులు సూదికి ఎందుకు వెనుకాడతాయి?

కొన్నేళ్ళ కిందట తిరుపతిలోని ఒక ఆస్పత్రిలో సిబ్బందికి ఫ్లూ టీకా వేయించే బాధ్యత నాకు అప్పగించారు. ఆగస్టు నెల, బయట ముసురు. ఉదయం పదకొండు గంటలకు ఓపీ పక్కనున్న చిన్న గదిలో ఐస్ ప్యాకుల మధ్య టీకాల పెట్టె పెట్టుకుని కూర్చున్నాం. ఒంటిగంట వరకు వచ్చినవారిలో ఎక్కువమంది డాక్టర్లు, ఆఫీసు గుమాస్తాలు. రాత్రి డ్యూటీ చేసిన స్టాఫ్ నర్సులు ఎనిమిదింటికే ఇళ్ళకు వెళ్ళిపోయారు, పగటి డ్యూటీవాళ్ళకు వార్డు వదిలి రావడానికి వీలు లేదు. మధ్యాహ్నం నేనే పిల్లల వార్డుకు వెళ్ళాను. ఇరవై ఏళ్ళ సర్వీసున్న ఒక సిస్టర్, గుక్కపట్టి ఏడుస్తున్న పసివాడి ముఖానికి నెబ్యులైజర్ మాస్కు ఆనించి పట్టుకుని ఉంది. టీకా సంగతి చెబితే తల తిప్పకుండానే, "ఏటా రెండుసార్లు పడిశెం పడతాది సార్, మూడు రోజులకు పోతాది. దానికి సూదెందుకు?" అంది. ఆమె తన ఒంటి గురించి మాట్లాడింది. ఆమె చేతుల్లో ఉన్న పసివాడి గురించి నేనైనా ఆమెకు గుర్తు చేయలేదు. ఆ రోజు తెచ్చిన టీకాల్లో చాలా మిగిలిపోయాయి.

ఆమె మాటను అజ్ఞానం అనుకుని పక్కన పెట్టేయడం తేలిక. చాలా ఆస్పత్రుల్లో జరుగుతున్నది అదే. సిబ్బందికి తెలియదు కాబట్టి వేయించుకోవడం లేదు, తెలియజెబితే వేయించుకుంటారు అన్న లెక్కతో ఒక ఉపన్యాసం, నాలుగు గోడపత్రికలు పెట్టి ఊరుకుంటారు. కానీ టీకా అంటే ఏమిటో, చల్లదనం తప్పితే అది ఎలా పాడవుతుందో, ఏ కండలోకి ఎంత లోతున వేయాలో ఆ సిస్టర్‌కు నాకంటే బాగా తెలుసు. ఆమె చేతిమీదుగా టీకా పడిన పిల్లల సంఖ్య లెక్క తీస్తే వేలల్లో ఉంటుంది. ఆరోగ్య సిబ్బందికి ఏటా ఫ్లూ టీకా వేయాలని అమెరికాలో 1984 నుంచి చెబుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వారిని ముందుగా టీకా అందవలసిన వర్గాల్లో చేర్చింది, మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా సిఫారసు చేసింది. అయినా ఎవరి ఇష్టానికి వారిని వదిలేసిన చోట, ఐరోపాలోని ధనిక దేశాల్లో సైతం, సగంమంది సిబ్బంది కూడా ముందుకు రాని ఏళ్ళు ఎక్కువ. చదువు, సౌకర్యం పుష్కలంగా ఉన్నచోట కూడా ఇదే పరిస్థితి అంటే, తెలియకపోవడం ఒక్కటే కారణం కాదని ఒప్పుకోవాలి. పైకి ఒకే మాటగా వినిపించే ఆ "వద్దు" వెనుక వేర్వేరు సంగతులు ఉన్నాయి, వాటిని విడదీయకుండా జవాబు చెప్పబోతే ఏదీ తగలదు.

మొదటి చిక్కు పేరులోనే ఉంది. ఫ్లూకు తెలుగులో విడిగా ఒక పేరు లేదు. ముక్కు కారితే జలుబు అంటాం, చిత్తూరు వైపు పడిశెం అంటారు. వణుకుతో వస్తే చలిజ్వరం. వానాకాలంలో ఊరంతా మంచం పడితే పత్రికలు విషజ్వరాలని రాస్తాయి. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ తెచ్చే జబ్బు ఈ మాటలన్నిటిలోనూ కొంచెం కొంచెం ఉంటుంది, ఏ ఒక్క మాటలోనూ పూర్తిగా ఉండదు. సాధారణ జలుబును తెచ్చే వైరస్‌లు వేరు, అవి వందకు పైగా ఉన్నాయి, వాటి మీద ఈ టీకా పనిచేయదు. కాబట్టి "నాకు ఏటా పడిశెం వస్తుంది, పోతుంది" అన్న సిస్టర్ చెప్పింది అబద్ధం కాదు, ఆమె మాట్లాడింది వేరే జబ్బు గురించి. అదే సిస్టర్‌ను 2015లో అడిగి ఉంటే జవాబు మరోలా ఉండేదేమో. ఆ ఏడాది దేశంలో స్వైన్ ఫ్లూ అని పిలిచే హెచ్1ఎన్1 రకం ఫ్లూ కేసులు 42 వేలు దాటాయి, 2,900 మందికి పైగా చనిపోయారు. "స్వైన్ ఫ్లూ" అన్న పేరు వింటేనే ఆస్పత్రుల్లో మాస్కులు దొరకని రోజులవి. 2009లో ప్రపంచాన్ని చుట్టేసిన ఆ వైరస్ తర్వాత ఎక్కడికీ పోలేదు, ఏటా వచ్చే మామూలు ఫ్లూ వైరస్‌లలో ఒకటిగా స్థిరపడింది, ఏటా వేసే మామూలు ఫ్లూ టీకాలో దాని వాటా ఉంటుంది. "ఫ్లూ టీకా" అంటే వద్దన్న నర్సు "స్వైన్ ఫ్లూ టీకా" అంటే వరుసలో నిలబడడం నేను చూశాను. సీసా ఒకటే, మందు ఒకటే.

రెండో చిక్కు కంటికి కనిపించనిది. స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో 1993–94 ఫ్లూ కాలంలో ఆస్పత్రి సిబ్బంది 500 మందికి పైగా రక్తం పరీక్షించారు. వారిలో 23 శాతం మందికి ఆ కాలంలో ఫ్లూ సోకినట్టు రక్తంలో ఆనవాళ్ళు కనిపించాయి. అలా సోకినవారిలో 59 శాతం మందికి తమకు ఫ్లూ వచ్చిన గుర్తే లేదు, 28 శాతం మందికైతే కనీసం జలుబు చేసిన జ్ఞాపకం కూడా లేదు. ఫలితాలు 1996లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఈ విషయం మీద నేను చదివిన వాటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కుదిపింది ఈ అధ్యయనమే. "నాకు ఎప్పుడూ ఫ్లూ రాలేదు" అని ఒక డాక్టరు నిజాయితీగా చెప్పిన మాట కూడా వాస్తవం కాకపోవచ్చునని ఇది చూపిస్తుంది. పైగా ఫ్లూ సోకినవారు లక్షణాలు మొదలవడానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకు అంటించగలరు. జ్వరం వచ్చాక సెలవు పెట్టినా, అంతకు ముందురోజు వార్డులో ఎంతమంది మీదికి వంగి గుండె చప్పుడు విన్నామన్నది మిగిలే ఉంటుంది.

ఇక భయం సంగతి. "వేసుకుంటే ఫ్లూ వస్తాదంట గదా" అన్న మాట నర్సుల గదిలో, వార్డు బాయ్‌ల మధ్య, కొన్నిసార్లు హౌస్ సర్జన్ల నోట కూడా వినిపిస్తుంది. మన దగ్గర సాధారణంగా వాడే ఫ్లూ టీకాలో ఉన్నది చంపిన వైరస్, లేదా దాని ముక్కలు. అది శరీరంలో పెరగలేదు, కాబట్టి ఫ్లూ తేలేదు. మరి వేయించుకున్నవారు జబ్బు పడ్డామని చెప్పేది కల్పనా? కాదు. టీకా ప్రభావం కుదురుకోవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. వానాకాలంలో ఒక వార్డులోని సిబ్బంది అందరికీ టీకా వేస్తే, ఆ రెండు వారాల్లో ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక జలుబో, ఒక్కోసారి నిజంగా ఫ్లూనో రావడం సహజం. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగినట్టు, సూదీ జ్వరమూ ఒకే వారంలో వస్తే మనసు రెంటినీ ముడివేస్తుంది. దీన్ని తేల్చడానికి అమెరికాలో ఉద్యోగాలు చేసే ఆరోగ్యవంతుల్లో కొందరికి టీకా, కొందరికి మందు లేని ఉత్తుత్తి సూది వేసి, ఎవరికి ఏది పడిందో వారికి చెప్పకుండా చూశారు. చేయి నొప్పి టీకా పడినవారిలో స్పష్టంగా ఎక్కువ, జ్వరమూ తలనొప్పీ మాత్రం రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం. చేయి నొప్పి నిజం, ఒకటి రెండు రోజులు కొందరికి ఒళ్ళు వెచ్చబడడమూ నిజం. రోజంతా రోగుల్ని లేవనెత్తి పడుకోబెట్టే ఆయాకు ఆ చేయి నొప్పి చిన్న విషయం కాదు. దాన్ని తీసిపారేసి "ఏమీ కాదమ్మా" అన్న రోజే ఆమె మనల్ని నమ్మడం మానేస్తుంది.

అలాగే 1976లో అమెరికాలో ఒక ఫ్లూ టీకా కార్యక్రమాన్ని మధ్యలో ఆపవలసి వచ్చింది. ఆ టీకా వేసుకున్నవారిలో కాళ్ళూ చేతులూ చచ్చుబడే గిలాన్-బారే జబ్బు, లక్ష మందికి ఒకరి చొప్పున, అదనంగా కనిపించింది. ఇప్పటి టీకాల విషయంలో ఆ ముప్పు ఉంటే గింటే పది లక్షల మందికి ఒకరిద్దరి లెక్కలోనే ఉంటుంది. ఫ్లూ సోకడం వల్ల అదే జబ్బు వచ్చే అవకాశం అంతకంటే ఎక్కువ. ఈ చరిత్రను దాచకుండా చెప్పడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే సెల్‌ఫోన్‌లో అది ఎలాగూ దొరుకుతుంది.

తిరుపతిలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇంకొకటి ఉంది. "దాన్ని కోడిగుడ్డులో పెంచుతారట కదా?" నిష్ఠగా శాకాహారం పాటించే కుటుంబాల నుంచి వచ్చిన సిబ్బంది ఇక్కడ ఎక్కువ. వైరస్‌ను గుడ్లలో పెంచి, శుద్ధిచేసి, చంపి టీకాగా మారుస్తారన్నది నిజం, తుది మందులో మిగిలేది గుడ్డు ప్రొటీను లేశం మాత్రమే. గుడ్డు పడనివారు కూడా ఈ టీకా వేయించుకోవచ్చని ఇప్పుడు వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలర్జీకి అది జవాబు. ఆచారానికి సంబంధించిన ప్రశ్నకు వైద్యం జవాబు చెప్పలేదు, ఉన్నదున్నట్టు చెప్పి నిర్ణయం వారికే వదలాలి. అలా చెప్పినప్పుడు చేయి చాచినవారూ ఉన్నారు, దండం పెట్టి వెళ్ళిపోయినవారూ ఉన్నారు.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న సాధారణంగా సీనియర్ డాక్టర్ల నుంచి వస్తుంది. "ఇది అసలు ఎంత పనిచేస్తుంది?" ఇక్కడ మనం తడబడతాం, ఎందుకంటే నిజమైన జవాబు పొడుగైనది. అమెరికాలోని బాల్టిమోర్ ఆస్పత్రుల సిబ్బంది మీద జరిపి 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో టీకా 88 శాతం వరకు కాపాడింది. కానీ అన్ని ఏళ్ళూ అలా ఉండవు. వైరస్ తన పైపూతను మార్చుకుంటూ పోతుంది. టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలల ముందే ఊహించి, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో ప్రకటిస్తుంది. ఊహ బాగా కుదిరిన ఏళ్ళలో డాక్టరు దగ్గరకు పోవలసినంత ఫ్లూ నుంచి 40 నుంచి 60 శాతం రక్షణ ఉంటుంది, కుదరని ఏడాది ఇంకా తగ్గుతుంది. తట్టు, పోలియో టీకాలతో పోలిస్తే ఇది తక్కువే. ఈ మాట విని ఒక ఫిజీషియన్ నాతో, "సగం పనిచేసే మందును నేను రోగికి రాయను" అన్నారు. కానీ ఆయన రోజూ రాసే మందుల్లో గుండెపోటు ముప్పును సగం కూడా తగ్గించనివి చాలా ఉన్నాయి, వాటిని ఆయన నమ్మకంగా రాస్తారు, రాయాలి కూడా.

ఇంతకంటే లోతైన వాదం మరొకటి ఉంది. సిబ్బంది టీకా వేయించుకుంటే రోగులు బతుకుతారని గట్టిగా చెప్పడానికి మన దగ్గర ఆధారం ఎంత? స్కాట్లాండులోనే వృద్ధులకు దీర్ఘకాలం చికిత్స చేసే 20 ఆస్పత్రులను తీసుకుని, సగం చోట్ల సిబ్బందికి టీకా ఇచ్చి చూశారు. టీకా ఇచ్చిన చోట్ల రోగుల్లో మరణాలు 13.6 శాతం, ఇవ్వని చోట్ల 22.4 శాతం అని 2000లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. ఏళ్ళ తరబడి ఈ అంకెలే అందరి ఉపన్యాసాల్లో వినిపించాయి. తర్వాత లెక్కలు వేసినవారు, ఫ్లూ వల్ల జరిగే మరణాలన్నీ ఆగిపోయినా అంత తేడా రాదని, ఆ తేడాలో వేరే కారణాలు కలిసి ఉంటాయని చూపించారు, 2017లో వచ్చిన ఒక కెనడా విశ్లేషణ ఈ విమర్శను చాలా కటువుగా చేసింది. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచి చూసే కాక్రేన్ సంస్థ సమీక్షకులు కూడా ఆధారం బలహీనమనే తేల్చారు. కాబట్టి "మీరు సూది వేయించుకోకపోతే రోగులు చచ్చిపోతారు" అని సిబ్బందిని బెదిరించడం సత్యం కాదు, న్యాయం అంతకన్నా కాదు. చెప్పగలిగింది ఇంత: టీకా మీకు ఫ్లూ వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుంది, రాని ఫ్లూను మీరు అంటించలేరు, ఫ్లూ సోకితే తట్టుకోలేనివారు మీ చేతుల్లో ఉన్నారు. నన్ను ఒప్పించడానికి ఈ మూడు మాటలు సరిపోయాయి. పెంచి చెప్పిన అంకె ఏదో ఒకనాడు బయటపడి ఈ మూడింటినీ కూడా ముంచుతుంది.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కాలం కూడా ఒక సమస్యే. మన దేశంలో చాలా నగరాల్లో ఫ్లూ నైరుతి వానలతో పెరుగుతుంది, శ్రీనగర్‌లో చలికాలంలో, చెన్నైలో అక్టోబరు, నవంబరు నెలల్లో ఎక్కువని పరిశీలనల్లో తేలింది. మన జిల్లాలు చెన్నైకి దగ్గర, మనకు జూన్ వానలూ ఉన్నాయి, ఈశాన్య రుతుపవనాలూ ఉన్నాయి. పైగా కొండకు రోజూ అరవై డెబ్బై వేలమంది దేశం నలుమూలల నుంచి వస్తారు, బ్రహ్మోత్సవాలు సరిగ్గా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడతాయి. అలసిపోయి, జ్వరంతో క్యూలైన్ నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చే యాత్రికుడు ఏ రాష్ట్రపు వైరస్‌ను తెచ్చాడో ఎవరికీ తెలియదు. దక్షిణార్ధగోళం టీకా వేసవికి, ఉత్తరార్ధగోళం టీకా సెప్టెంబరు ప్రాంతానికి మార్కెట్లోకి వస్తుంది, మనకు ఏది, ఎప్పుడు అన్నది సిబ్బందికి ఎవరూ విడమరచి చెప్పరు. మే నెలలోనో, జూన్ మొదట్లోనో అప్పటికి దొరికే కొత్త టీకాతో మొదలుపెట్టి, తప్పినవారికి సెప్టెంబరులో వేయడం మన వానలకు సరిపోతుందని నా అభిప్రాయం. డిసెంబరులో బడ్జెట్ మిగిలిందని తెప్పించి వేయడం మాత్రం సిబ్బందికి ఒకే సంగతి చెబుతుంది, ఇది తమ కోసం కాదని.

డబ్బు సంగతి దాటవేయలేం. ఈ టీకా జాతీయ ఉచిత టీకాల జాబితాలో లేదు. బయట కొనుక్కుంటే సాధారణంగా వెయ్యి రూపాయలు దాటుతుంది. కొన్ని ఆస్పత్రులు తమ ఖర్చుతో వేయిస్తాయి, అలా వేయించేటప్పుడు జాబితా పైనుంచి మొదలవుతుంది. డాక్టర్లు, తర్వాత నర్సులు. వార్డుల్లో రోగులకు సాయపడే ఎంఎన్ఓలు, ఎఫ్ఎన్ఓలు (మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలు), ఔట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య సిబ్బంది దగ్గరకు వచ్చేసరికి "వాళ్ళు ఏజెన్సీ మనుషులు, ఏజెన్సీ చూసుకోవాలి" అన్న మాట వినిపిస్తుంది. నేను పనిచేసిన చోట వినిపించింది, నేను గట్టిగా అడ్డు చెప్పలేదు, ఆ తప్పు నాది కూడా. ఐసీయూలో రోగి కఫం తుడిచేది ఆ చేతులే. వారికి జ్వరం వస్తే ఆ రోజు కూలి పోతుంది కనుక జ్వరంతోనే పనికి వస్తారు. టీకా అవసరం అందరికంటే వారికి ఎక్కువ, కానీ వారిని అడిగినవారే లేరు. ఎవరూ అడగని ఈ మనుషుల గురించి "దిగువ స్థాయి సిబ్బందిలో విముఖత ఎక్కువ" అని నివేదిక రాయడం అన్యాయం.

నిర్బంధం చేస్తే పోదా అని అడిగేవారున్నారు. అమెరికాలో సియాటిల్ నగరంలోని వర్జీనియా మేసన్ ఆస్పత్రి 2005లో ఆ పని చేసింది, టీకా వేయించుకున్నవారు 97 శాతం దాటారు. అయితే అక్కడి నర్సుల సంఘం మధ్యవర్తి దగ్గర వాదించి, తమ సభ్యులకు ఆ నిబంధన వర్తించకుండా చేసుకుంది. కెనడాలోని ఒంటారియోలో, టీకా వేసుకోనివారు కాలమంతా మాస్కు పెట్టుకోవాలన్న నిబంధన సహేతుకం కాదని 2015లో ఒక మధ్యవర్తి తీర్పు చెప్పారు. ఆధారం గట్టిగా లేనిచోట ఒత్తిడి గట్టిగా ఉంటే వచ్చే ఫలితం అది. మన దగ్గర 2021 జనవరి 16న కోవిడ్ టీకా మొదలైనప్పుడు మొదటి వరుస ఆరోగ్య సిబ్బందిదే. పైకి ఐచ్ఛికమే అయినా, పేర్లు పంపి, ఫోన్లు చేసి, వేసుకున్నదీ లేనిదీ రోజూ లెక్క అడిగిన తీరు చాలామందికి మనసులో ఉండిపోయింది. ఇప్పుడు ఏ కొత్త సూది మాట ఎత్తినా ఆ రోజుల చేదు ముందు వస్తుంది.

టీకాకు ఎదురుమాట మన ప్రాంతానికి కొత్త కాదు. 1948లో దేశంలో తొలిగా క్షయకు బీసీజీ టీకా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. కొన్నేళ్ళకే మద్రాసు ముఖ్యమంత్రిగా చేసిన రాజాజీ (సి. రాజగోపాలాచారి) అంతటివారు ఆ టీకాను బాహాటంగా వ్యతిరేకించారు. ఆయన చదువు తక్కువై వ్యతిరేకించలేదు. అప్పటి వైద్యులు ఆయనకు ఓపికగా జవాబులు చెబుతూనే పని కొనసాగించారు.

టీకాలు మిగిలిపోయిన ఆ ఆగస్టుకు మరుసటి ఏడాది మేం ఓపీ గది వదిలేశాం. చిన్న పెట్టెను ట్రాలీలో పెట్టుకుని డ్యూటీలు మారే వేళకు, పొద్దున ఏడున్నరకు, రాత్రి ఏడున్నరకు, వార్డులకే వెళ్ళాం. పారిశుద్ధ్య సిబ్బంది పేర్లు జాబితాలో ముందు రాశాం. పిల్లల వార్డులో అదే సిస్టర్. ఈసారి నేను పడిశెం మాట ఎత్తలేదు. ఆరు నెలలు నిండని పిల్లలకు ఫ్లూ టీకా వేయకూడదని, వారికి ఫ్లూ అంటకుండా చూడాలంటే వారిని ఎత్తుకునేవారికి అది రాకుండా ఉండడం ముఖ్యమైన దారి అని చెప్పాను. ఆమె వార్డు చివర మూడు మంచాల వైపు చూసింది. "ఆ పొద్దు ఈ మాట చెప్పలేదే సార్," అంది. తర్వాత డ్యూటీ చార్టు తిప్పి చూసి, "రేపు నాకు ఆఫ్. చేయి నొప్పి పుట్టినా ఇంట్లోనే ఉంటా. ఎడమ చేతికి వెయ్యండి, కుడి చేత్తో క్యాన్యులాలు పెట్టాల," అని చేయి చాచింది.